బస్తరు వలస కుటుంబాలు – గుర్తింపు పత్రం
(ప్రసంగ పాఠం)

బస్తరుకూ, తెలుగునాటికీ గల బాంధవ్యం నిన్న మొన్నటిది కాదు. ఓరుగల్లు పతనానంతరం కాకతీయ వంశీయుడైన అన్నమదేవుడు బస్తరులో రాజ్యం స్థాపించాడని చారిత్రక సంప్రదాయం. బస్తరు నేలను తడిపిన ఇంద్రావతి, శబరి నదులు గోదావరిలోనే కలుస్తున్నాయి. మిరప కోతల కాలంలో అక్కడి ఆదివాసులు భద్రాచలం, చర్ల ప్రాంతాలకు కూలికి రావడం చిరకాలపు ఆనవాయితీ.

అయితే 2005లో ఈ వలస స్వరూపమే మారిపోయింది. ఆ సంవత్సరం సాల్వా జుడుం ఆరంభమైన పిమ్మట, ఇరువైపుల హింస మధ్య నలిగిన గ్రామాల నుండి వేలాదిమంది ఆదివాసులు నాటి ఖమ్మం, వరంగల్లు, తూర్పు గోదావరి జిల్లాల అడవులను ఆశ్రయించారు. ఇక్కడివారు వారిని గొత్తికోయలని పిలిచారు. ఇల్లు విడిచి పరుగెత్తినవారు బిడ్డలను ఎత్తుకొన్నారే గాని, కాగితాలను వెదకుకొనే వ్యవధి వారికి లేకపోయింది.

2010 సెప్టెంబరు 29న మహారాష్ట్రలోని తెంభ్లీ అనే ఆదివాసీ గ్రామంలో తొలి ఆధార్ సంఖ్యను ప్రదానం చేశారు. పది వేళ్ల ముద్రలు, రెండు కనుపాపలు, ముఖచిత్రం వీటికి ఆధారం. ఏ పత్రమూ లేని నిరుపేదకు గుర్తింపు కల్పించడమే దీని ఆశయం. కాని యంత్రం వేలిముద్రను అడగడానికి ముందే పేరుకూ, చిరునామాకూ రుజువు అడుగుతుంది. వేళ్లు లేని మనిషి అరుదు. రుజువు లేని మనుషులు అనేకులు. కాయకష్టంతో రేఖలు అరిగిన వేళ్లను యంత్రం గుర్తించలేకపోవడం మరొక చిక్కు.

ఈ లోపం తల్లిదండ్రులతో ఆగదు. అయిదేండ్ల లోపు శిశువుకు వేలిముద్రలు తీయరు. తల్లి లేదా తండ్రి గుర్తింపును ఆసరాగా తీసుకొంటారు. ఆ ఆసరాయే లేని ఇంట, అడవిలోని గుడిసెలో పుట్టి, జనన నమోదుకు నోచుకోని పసివాని గతి ఏమిటి? తండ్రికి లేని కాగితం బిడ్డకూ లేకుండా పోతుంది.

చట్టం ఈ విషయంలో నిర్దయగా లేదన్నది గమనార్హం. 2016 నాటి ఆధార్ చట్టం నివాసిని నిర్వచిస్తూ, గడచిన పన్నెండు నెలల్లో 182 దినాలు భారతదేశంలో ఉండాలన్నది. ఏ రాష్ట్రంలోనని అడుగలేదు. సుక్మాలో ఉన్న దినమూ, చర్లలో ఉన్న దినమూ లెక్కలో సమానమే. సంఖ్య లేనివారికి ప్రత్యామ్నాయ గుర్తింపు మార్గం చూపాలని అదే చట్టంలోని 7వ సెక్షను ఆదేశిస్తున్నది. ఆధార్ లేదన్న కారణంతో ఏ బిడ్డకూ సంక్షేమ ప్రయోజనాలు నిరాకరించరాదని 2018 సెప్టెంబరు 26న సుప్రీంకోర్టు స్పష్టం చేసింది. వయసు రుజువు లేదని బడిలో చేర్చుకోకపోవడాన్ని 2009 నాటి విద్యాహక్కు చట్టం నిషేధించింది.

సంఖ్య లభించినా సమస్య పూర్తిగా తీరదన్నదీ నిజమే. రాజ్యాంగంలోని 342వ అధికరణం ప్రకారం షెడ్యూల్డు తెగల జాబితాలు రాష్ట్రాలవారీగా ఉంటాయి. ఛత్తీస్‌గఢ్‌లో తెగగా గుర్తింపు పొందినవారికి, సరిహద్దు దాటి వచ్చినంత మాత్రాన ఇక్కడి రిజర్వేషన్లు సంక్రమించవు. 2019లో ఆరంభమైన ‘ఒకే దేశం – ఒకే రేషన్ కార్డు’ పథకం 2022 నాటికి అన్ని రాష్ట్రాలకూ విస్తరించినా, అసలు కార్డే లేనివారు దానిని ఎక్కడా వినియోగించుకోలేరు.

కాబట్టి కొరత చట్టంలో కంటె అమలులోనే అధికం. నమోదు యంత్రం గూడేనికి వెళ్లాలి. కోయభాష తెలిసినవారు దానివెంట ఉండాలి. ప్రతి కాన్పూ జనన నమోదు పుస్తకానికి ఎక్కాలి. ఉపాధ్యాయుడు, అంగన్‌వాడీ కార్యకర్త, చదువుకొన్న యువకుడు ఈ పనిలో తోడ్పడగలరు. పత్రం మనిషికి గుర్తు మాత్రమే. పత్రం లేనందువల్ల మనిషి లేకుండా పోడు. నదులు ఎల్లలెరుగక కలిసే ఈ గడ్డపై, నది దాటి వచ్చిన కుటుంబాన్ని మన దేశవాసులుగా లెక్కించుకోవడమే జాతీయ సమైక్యతకు తొలి మెట్టు.