బడి మానిన రోజుకు సున్న చుట్టండి

(విడవలూరు మండలంలో సముద్రం పక్క దళితవాడలో, తల్లిదండ్రుల కూటమిలో చేసిన ప్రసంగం)



పొద్దున నేను వాడలోకి వచ్చేటప్పటికి తొమ్మిదిన్నర దాటింది. బడి గంట కొట్టి శానాసేపయింది. కాలవ గట్టు మీద నలుగురు పిల్లకాయలు కూర్చోనున్నారు. "ఏమిరా, బడి లేదా?" అంటే ఒకడు "లేటయింది సార్, ఇప్పుడు పోతే తిడతారు" అన్నాడు. ఇంకొకడు "రేపు పోతాంలే" అన్నాడు. ఆ రేపు సంగతి మాట్లాడదామనే ఈ సాయంత్రం మిమ్మల్ని కూర్చోబెట్టినాం.

ఒకప్పుడు మన బిడ్డ పేరు బళ్ళో రాయించుకోడానికే పోట్లాట. ఇప్పుడు పేరుంది, బిడ్డ లేడు.

నెలకు నాలుగు రోజులే గదా అనుకుంటాం. పది నెలల బడికి అది 40 రోజులు. ఒకటి నుంచి ఐదు దాకా ఐదేళ్ళకు 200 రోజులు. విద్యాహక్కు చట్టం ప్రకారం ప్రాథమిక బడి ఏడాదికి కనీసం 200 రోజులు నడవాల. అంటే నెలకు నాలుగు రోజులు మానిన పిల్లోడు ఒక తరగతి మొత్తాన్నీ కాలవలో పోసుకున్నట్టే. మేస్త్రి ఒక పూట కూలి ఎగ్గొడితే వాడింటి ముందు కూర్చుంటాం. ఏడాది చదువు పోతే మాత్రం అడిగేవాళ్ళు లేరు.

2020లో అమ్మ ఒడి అన్నారు, 2025లో తల్లికి వందనం అన్నారు. దేనికైనా 75 శాతం హాజరు కావాలన్నారు. మనోళ్ళు ఆ 75ని గట్టిగా పట్టుకున్నారు. డబ్బుకు అది చాలొచ్చు. చదువుకు చాలదు. 200 రోజుల్లో 50 రోజులు మానినా 75 శాతం ఉంటుంది గదా! ఈ లెక్క మీకు ఎవరూ చెప్పరు.

ఎందుకు మానతారో నాకంటే మీకు బాగా తెలుసు. నాట్లప్పుడు తల్లి తెల్లారకముందే కయ్యలోకి దిగుతుంది. చంటిబిడ్డను ఎవరు చూడాల? మూడో తరగతి ఆడపిల్ల. మగపిల్లోణ్ణి చంకబిడ్డతో ఇంట్లో ఉంచింది నేను యాడా చూళ్ళేదు. రొయ్యల పట్టుబడి రాత్రిపూట జరిగితే తల్లితో పాటు పిల్లోడూ గుంట గట్టు మీదే పడుకుంటాడు, తెల్లారి బళ్ళో కునికిపాట్లు పడతాడు. కాపలాకు కుదిరిన యానాది కుటుంబాల గుడిసె గుంటల నడమ ఉంటే ఆ బిడ్డకు బడి ఎంత దూరమో మనం ఎప్పుడన్నా నడిచి చూసినామా? ఇంక నవంబరొస్తే వాన. దారి మునుగుతుంది, తుపాను అంటే బడే మనకు తలదాచుకునే చోటు. ఆ రోజులు మన చేతిలో లేవు. అందుకనే మిగతా రోజులు ఒక్కటి కూడా పోనీయకూడదంటున్నా. చంటిబిడ్డల్ని పొద్దున్నే అంగన్‌వాడీకి చేర్చే పని వాడలో ఇద్దరు ముసలమ్మలకు అప్పజెప్పి, సంఘం వాళ్ళకు తలా ఇంత ఇస్తే ఆడపిల్లలు బడికి పోతారు. ఇది పెద్ద ఖర్చేం కాదు.

రెండో కారణం మనం బయటికి చెప్పం. అది భయం. రెండు రోజులు మానితే పాఠం పోతుంది. మూడోరోజు పోతే అడిగినదానికి జవాబు రాదు. పదిమందిలో తిట్టు పడుతుంది. నాలుగోరోజు ఆ గట్టు మీదనే కూర్చుంటాడు.

నా సంగతి చెప్తా. ఏ బడో ఎవరో చెప్పను. గొడ్లు తోలి వచ్చేసరికి గంట కొట్టేసేవాళ్ళు. వాకిట్లో మోకాళ్ళ మీద నిలబెట్టేవాళ్ళు. కులం పేరు పెట్టి పిలిచేవాళ్ళు. బడికని చెప్పి తాటితోపులో కూర్చునేవాణ్ణి. మా అమ్మకు తెలిసి ఈడ్చుకుపోయి, "కళ్ళు రెండూ వదిలేసి ఎట్టన్నా కొట్టండి అయ్యోరా" అని అప్పజెప్పింది. ఆమెకు తెలిసిన మర్యాద అదే పాపం. ఆసామి ముందు ఎట్ట నిలబడేదో అయ్యోరి ముందూ అట్టే నిలబడింది. మరుసటేడు ఇంకో అయ్యోరు వచ్చినాడు. నేను ఆలస్యంగా పోయి, ఎవరూ చెప్పకముందే మోకాళ్ళేసినా. ఆయన చూసి, "లెయ్యి. వచ్చినావు గదా, కూర్చో" అని పలక చేతికిచ్చినాడు. ఆ ఏడు నేను బడి మానలేదు.

అమ్మలారా, ఆ "కళ్ళు రెండూ వదిలేసి" అనే మాట ఇంక అనబాకండి. బిడ్డను కొట్టడం, మనసు నలిగేటట్టు వేధించడం చట్టం 17వ సెక్షన్ కింద నిషేధం. పెత్తందారు చేతిలో కర్ర వద్దని పోట్లాడినోళ్ళం, అయ్యోరి చేతికి మనమే అందిస్తామా?

బాబాసాహెబ్ చిన్నప్పుడు సతారా బళ్ళో తన గోనెపట్టా మీద విడిగా కూర్చున్నాడు. నీళ్ళు నౌకరు పోస్తేనే తాగాల, నౌకరు లేని రోజు దాహం తీరదు. ఇది ఆయనే రాసుకున్నాడు. ఈ పొద్దు గోనెపట్టా లేదు. అయినా మన బడికి పోయి చూడండి: వెనక గోడకు ఆనుకుని కూర్చునేది ఎవరు? చీపురు ఎవరి చేతిలో ఉంది? యానాది బిడ్డను మన బిడ్డలే పేరు పెట్టకుండా కులంతో పిలుస్తుంటే మనం నవ్వి ఊరుకోవడం లేదా? ముందు అది మానుకుందాం.

తరగతి నెమ్మదిగా ఉండాలంటే పిల్లలు బిక్కచచ్చి కూర్చోవాల్సిన పనిలేదు. రోజూ ఒకే వరస జరగాల. రాగానే పేరుతో పిలవాల. రానివాళ్ళు ఎందుకు రాలేదో పక్కింటి బిడ్డను అడగాల. ఒక పాట, ఆ తర్వాత పలకలు. మొదటి తరగతికి అయ్యోరు చెప్పేటప్పుడు మిగతావాళ్ళు ఏం రాయాలో ముందే తెలియాల. కూర్చునే చోటు వారానికొకసారి మారాల. ఊడ్చేది, నీళ్ళు పట్టేది అందరికీ వంతు. అన్నానికి ఒకటే బంతి. మన ఇళ్ళల్లో ఒకే గదిలో ఏడుపులూ టీవీ మోతా అన్నీ ఉంటాయి. ఏ గంటకు ఏముందో తెలిసే చోటు ఆ బిడ్డకు బడి ఒక్కటే. అది కూడా అరుపులతో నిండితే ఇంక వాడు యాడికి పోవాల?

అయ్యోర్ల మీదకు తగువుకు పొమ్మని చెప్పడంలేదు. ఐదు తరగతులకు ఒక్కరే ఉంటే వాళ్ళు మాత్రం ఏం చేస్తారు? 60 మంది లోపు పిల్లలున్న ప్రాథమిక బడికి ఇద్దరుండాలని చట్టంలోనే ఉంది. ఆ రెండో టీచరు కోసం అర్జీ మనమే పెట్టాల. బడి కమిటీలో నాలుగింట మూడొంతులు తల్లిదండ్రులుండాల, కమిటీలో సగం మంది ఆడవాళ్ళుండాల. మన పేర్లూ ఉన్నాయి, సంతకానికి మాత్రం.

మన జిల్లాలోనే దూబగుంట ఆడవాళ్ళు రాత్రిబడిలో అక్షరాలు నేర్చి సారా అంగడి మూయించినారు. 1993 అక్టోబరుకు రాష్ట్రమంతా సారా ఆగింది. మీలో శానామందికి అంతకంటే ఎక్కువే చదువొచ్చు. హాజరు ఇప్పుడు అయ్యోరి సెల్లులో పడుతుంది, మన కంటికి కనపడదు. కాబట్టి మన లెక్క మనం పెట్టుకుందాం. సంఘం ఇంటికొక కేలండరు తెచ్చింది. బిడ్డ బడి మానిన రోజుకు సున్న చుట్టండి. పక్కన ఎందుకో ఒక ముక్క రాయండి: నాట్లు, జరం, వాన, భయం. నెలాఖరు కూటమికి కేలండరు తెండి. భయం అని రాసినవి ఎన్నున్నాయో లెక్కబెట్టి కమిటీలో చదువుదాం.

గట్టు మీది ఆ నలుగురి ఇళ్ళకు ఇప్పుడే పోతున్నా. రేపు తొమ్మిదికి ముందే వాళ్ళను వెంటబెట్టుకుని బడికి పోవాల. "అయ్యా, ఆలస్యమైనా కూర్చోబెట్టండి, తర్వాత మాతో చెప్పండి" అని అడిగి రావాల. నాతో ఎవరొస్తారో ఇద్దరు తల్లులు చెయ్యెత్తండి.

జై భీమ్.