కాపరి ముందు లెక్కపెట్టాడు

తప్పిపోయిన గొర్రెను కాపరి వెతికాడని చెప్పుకుంటాం గానీ, ముందు లెక్కపెట్టాడన్న సంగతి వదిలేస్తాం. లెక్కపెట్టబట్టే కదా ఒకటి తగ్గిందని తెలిసింది!

2011 జనగణనలో మన దేశంలో వికలాంగులు 2.68 కోట్లు, జనాభాలో 2.21 శాతం. అప్పటి ఫారంలో ఉన్నవి ఎనిమిది రకాలే. 2016 చట్టం 21 గుర్తించింది. తలసేమియా, పార్కిన్సన్స్ ఉన్నవాళ్లు ఆ పాత లెక్కలో విడిగా కనబడరు.

యవనస్థులారా, "మీ ఇంట్లో వికలాంగులున్నారా?" అని అడిగితే తల్లి లేరనే అంటుంది. పెళ్లి కావాల్సిన పిల్లలుంటారు మరి. "మెట్లెక్కడం ఎవరికైనా కష్టమా? ప్రసంగం సరిగా వినబడుతోందా?" అని అడగండి. వీల్‌చైర్లకు చందాలెత్తడం ఆ తర్వాత. యూడీఐడీ కార్డు లేదంటే, ఒడియా చదవలేని పెద్దల దరఖాస్తు మీరే నింపండి. ఆ పుస్తకం మాత్రం ఒకరిద్దరి దగ్గరే ఉండాలి. వాళ్లు ఒప్పుకోకుండా ఆ పేర్లు ప్రార్థన మనవుల్లో చదవొద్దు.