మామ: పోలిక వేరు, చుట్టరికం వేరు



మా మాస్టారి పేరిట జరిగే ఈ ఉపన్యాసానికి నేను ఎంచుకున్నది రెండక్షరాల మాట: మామ. పదాల పుట్టుక గురించి ఎవరు ఏ ఊహ చేసినా మాస్టారు వెంటనే తోసిపుచ్చేవారు కాదు. ‘ఇలాంటిదే ఇంకో ఉదాహరణ చూపించు’ అనేవారు. ఈ మాటను ఆ ప్రశ్న ముందు నిలబెట్టాలని నా ప్రయత్నం.

మన ఇళ్లలో మామ అంటే అమ్మకు అన్న లేదా తమ్ముడు. మేనత్త భర్తా మామే. పెళ్లయ్యాక భార్య తండ్రి, భర్త తండ్రి కూడా మామలే. ఇందరికి ఒకే పిలుపు చాలడానికి కారణం మేనరికం. మేనమామ కూతుర్ని చేసుకుంటే, పుట్టినప్పటి నుంచి మామ అని పిలిచినవాడే పిల్లనిచ్చిన మామ అవుతాడు. హిందీలోనూ మామా ఉన్నాడు గానీ, అక్కడ అతను తల్లి తోబుట్టువు మాత్రమే. పిల్లనిచ్చినవాడికి ససుర్ అని వేరే మాట.

ఇక బయటికి వెళదాం. స్వాహిలీలో, చైనీసులో, ఆండీస్ పర్వతాల కెచువాలో ఈ ధ్వనికి తల్లి అని అర్థం. లాటిన్‌లో ‘మమ్మా’ అంటే రొమ్ము కూడా. జీవశాస్త్రవేత్త లిన్నేయస్ 1758లో పాలిచ్చే జంతువుల వర్గానికి పెట్టిన పేరు అందులోంచి వచ్చిందే. జార్జియాలో మాత్రం ‘మమా’ అంటే తండ్రి! తల్లి ‘దెదా’. మాతృభాషను వాళ్లు ‘దెదా ఎనా’ అంటారు. గొగెబాష్విలీ 1876లో పిల్లల కోసం రాసిన వాచకం పేరు కూడా అదే. పక్కనున్న టర్కీలో ‘దెదె’ తాత. మధ్య ఆస్ట్రేలియాలోని పిట్జంట్జట్జరా భాషలోనూ ‘మమ’ తండ్రే.

ఈ భాషలన్నీ ఒకే కుటుంబానివి కావు. మరి ధ్వని ఇంత దగ్గరగా ఎలా ఉంది?

దీనికి భాషాశాస్త్రవేత్త రోమన్ యాకబ్సన్ 1959లో జవాబిచ్చాడు. మర్డాక్ అనే మానవశాస్త్రవేత్త 474 భాషల నుంచి సేకరించిన 1072 పదాలు ఆయన ముందున్నాయి. అన్నీ తల్లినీ తండ్రినీ పిలిచేవే. తల్లి మాటల్లో 55 శాతం మ, న వంటి అనునాసికాలతో ఉన్నాయి. తండ్రి మాటల్లో అలాంటివి 15 శాతమే. పాలు తాగుతున్న బిడ్డ పెదవులు మూసుకుని ఉంటాయి. అప్పుడు ముక్కుతో తీయగల సన్నని మూలుగే తర్వాత ఆకలికి, ఆ ఆకలి తీర్చే మనిషికి గుర్తు అవుతుందని ఆయన వివరణ. మన ‘అమ్మ’ ఎక్కువమందితో నడిచింది. ‘నాన్న’ మాత్రం ఆ కొద్దిమంది వైపు నిలబడ్డాడు. అంటే ధ్వని పసినోటిది. దానికి అర్థం అంటగట్టేది పెద్దలు, ఆ సమాజపు పెళ్లి మర్యాదలు.

జపాన్ సంగతి నాకు మరీ ఇష్టం. నేటి జపనీసులో తల్లి ‘హహ’. ఈ ‘హ’ ఒకప్పుడు ‘ప’. అంటే పాత జపనీసులో ‘పప’ తల్లి! నడుమ కొంతకాలం పెదవులు దగ్గరచేసి ‘ఫఫ’ అన్నారు. 1516 నాటి ఒక పొడుపుకథ ఇందుకు సాక్ష్యం. తల్లికి రెండుసార్లు కలిసేవి, తండ్రికి ఒక్కసారీ కలవనివి ఏమిటని అందులో ప్రశ్న. పెదవులు అని జవాబు. తండ్రి ‘చిచి’ కాబట్టి పెదవులతో పని లేదు. ఈ మార్పు ఒక్క మాటకు జరిగింది కాదు; పువ్వుకు ‘పన’ అన్నది ‘హన’ అయింది. మాస్టారు అడిగే రెండో ఉదాహరణ ఇక్కడ దొరుకుతుంది.

నిజమైన చుట్టరికానికి గుర్తు ఈ క్రమమే. కన్నడంలో కివి, మనకు చెవి. వాళ్లకు కెరె, మనకు చెరువు. వాళ్ల కిరు మన చిరు. తమిళుల ఉరల్ మన రోలు, వాళ్ల ఇరండు మన రెండు. విన్నంతలో పోల్చుకోలేం గానీ ఇవి ఒక తల్లి పిల్లలు. 1816లోనే ఆంగ్లేయ అధికారి ఎల్లిస్ మద్రాసులో కూర్చుని తెలుగు సంస్కృతజన్యం కాదని నిరూపించగలిగాడంటే, ధాతువులను వరుసలుగా పేర్చి పోల్చడం వల్లనే.

ఎదురు ఉదాహరణా ఉంది. 1960ల్లో భాషాశాస్త్రవేత్త డిక్సన్ ఆస్ట్రేలియాలో బబరం భాషను నమోదు చేస్తూ కుక్కను ఏమంటారని అడిగితే ‘డాగ్’ వంటి మాటే వినిపించింది. అది ఇంగ్లీషు నుంచి వచ్చింది కాదు. పొరుగు భాషల్లోని ‘గుడగ’ ముందూ వెనుకా అరిగి అలా మిగిలింది.

తెలుగు మాటలు సుమేరులో ఉన్నాయనీ, కొరియాలో ‘అప్పా’ అంటే నాన్న కాబట్టి మనమూ వాళ్లూ ఒకటేననీ ఉత్సాహంగా చెప్పేవారిని చూస్తుంటాం. వాళ్ల భాషాభిమానం మీద నాకు గౌరవం ఉంది, ఆ పద్ధతి మీద లేదు. జపాన్ పండితుడు ఓనో సుసుము ఏళ్ల తరబడి శ్రమించి తమిళానికీ జపనీసుకూ బంధుత్వం చూపబోతేనే చాలామంది భాషాశాస్త్రవేత్తలు ఒప్పుకోలేదు. విడిమాటల జాబితాతో వంశవృక్షం నిలవదు. అందులోనూ పసిపిల్లల మాటలు సాక్ష్యానికి బొత్తిగా పనికిరావు.

మన ‘అప్ప’నే చూడండి. ఉత్తరాంధ్రలో అక్క. సరిహద్దు దాటితే కన్నడిగుల నాన్న. ఏ మండలంలో ఎవరిని అప్ప అంటారో, అబ్బ అంటారో, అవ్వ అంటారో ఊరూరా తెలిస్తేనే ఈ పదాల చరిత్ర రాయగలం. భద్రిరాజు కృష్ణమూర్తిగారు వ్యవసాయ పదాలను అలాగే ఊళ్ల నుంచి సేకరింపజేసి 1962లో మాండలిక వృత్తిపదకోశం తొలి సంపుటం తెచ్చారు. బంధుత్వపు పిలుపులకూ ఆ శ్రమ జరగాలి. విద్యార్థి మిత్రులు ఈ సెలవుల్లో ఊరికి వెళ్లినప్పుడు ఇంట్లో ముసలివాళ్ల దగ్గర కూర్చుని, ఎవరు ఎవరిని ఏమని పిలుస్తారో, ఒకప్పుడు ఏమని పిలిచేవారో అన్న వివరంతో సహా, ఊరి పేరు వేసి రాసుకురండి.