సమానత్వము: మనకు మిగిలియున్న పని
(తలుపులలో జరిగిన సంఘముల కూడికలో చేసిన ప్రసంగ పాఠము)



శతాబ్ది సంచికలో సాధారణముగా కట్టిన గుడులు, పెట్టిన బడులు, సేవచేసిన దైవజనుల పేర్లు వస్తవి. అవి రావలసినవే. వాటిని వ్రాయుటకు మనలో సమర్థులున్నారు. మమ్మును మాట్లాడమని అడిగినప్పుడు, జరిగిన పనిని గూర్చి గాక జరగని పనిని గూర్చి చెప్పుటకు అనుమతి కోరినాము. పెద్దలు ఇచ్చినారు. ఇచ్చిన తరువాత ఒకరిద్దరు, "కొంచెము మెత్తగా చెప్పండి" అని కూడ అన్నారు. ప్రయత్నిస్తాము.

జాతిభేదము అనగానే మన మనస్సు అమెరికాకో దక్షిణాఫ్రికాకో పోతుంది. 1959లో మార్టిన్ లూథర్ కింగ్ గారు మన దేశమునకు వచ్చినప్పుడు కేరళలోని ఒక పాఠశాలలో ప్రధానోపాధ్యాయుడు ఆయనను అమెరికానుండి వచ్చిన తోటి అంటరానివానిగా పిల్లలకు పరిచయము చేశాడట. మొదట ఆయన నొచ్చుకొన్నారు. తరువాత తన జనుల స్థితిని తలచుకొని, ఆ మాట నిజమేనని ఒప్పుకొన్నారు. ఈ సంగతి 1965లో ఆయనే తన సంఘములో ప్రసంగిస్తూ చెప్పారు. అక్కడ చర్మపు రంగు చేసిన పనిని ఇక్కడ పుట్టిన వాడ చేసినది.

మనలో తల నెరిసినవారికి ఈ సంగతి ఒకరు చెప్పనక్కరలేదు. టీ అంగడి చూరులో దోపిన వేరే గ్లాసు. తాగినవాడే కడిగి మళ్లీ అక్కడే పెట్టాలి. చెనక్కాయ పెరికే దినాలలో చేనిగట్టున దోసిలి పట్టితే పైనుండి పోసే నీళ్లు. ఊరి నడివీధి వచ్చేసరికి చేతిలోనికి వచ్చే చెప్పులు. ఊరిలో సావు జరిగితే డప్పు మనదే. మన సావుకు శ్మశానమునకు దారి మాత్రము ఎవరి చేనిలో నుండి పోవాలో అని బతిమాలుకోవాలి. ఇవన్నీ రాజ్యాంగపు 17వ అధికరణము వచ్చిన తరువాతి సంగతులే. 1955లో చట్టము వచ్చినది. 1976లో దానికే పౌరహక్కుల పరిరక్షణ చట్టమని పేరు మార్చి శిక్షలు పెంచినారు. 1985లో కారంచేడు తరువాత 1989లో అత్యాచారముల నిరోధక చట్టము వచ్చినది. జస్టిస్ పున్నయ్య గారి కమిషను రాష్ట్రమంతా తిరిగి 2001లో నివేదిక ఇచ్చేనాటికి కూడ రెండు గ్లాసులు ఉండనే ఉన్నవి.

ఇప్పుడు ఆ గ్లాసు అంతగా కనబడదు. ఎవరు తీసివేసినారు? చట్టమా, సువార్తయా? మేము చూచినంతవరకు దానిని తీసినది కాగితపు కప్పు. అందరికీ ఒకటే కప్పు, తాగి పారవేయవచ్చును. అంగడివాని మనస్సు మారవలసిన పని లేకుండానే గ్లాసు మాయమైనది. దీనిని జయమని మనము లెక్కించుకొనవద్దని మా మనవి.

ఇంతవరకు ఇతరుల సంగతి. ఇది చెప్పుట సులభము. మనకు తగులు భాగము ఇక్కడ మొదలగుచున్నది.

ప్రభువు బల్లయొద్ద మనకు ఒక్కటే గిన్నె. ఆరాధన అయిన తరువాత మెట్లు దిగితే? మాలవాడ మాలవాడే, మాదిగవాడ మాదిగవాడే. దీనికి చరిత్ర ఉన్నది. కడప ప్రాంతములో లండన్ మిషను చేర్చుకొన్నవారు ఎక్కువగా మాలలు. ఒంగోలు ప్రాంతములో 1866లో బాప్తిస్మము పొందిన ఎర్రగుంట్ల పేరయ్య గారి వెనుక వచ్చినవారు మాదిగలు. 1878 జూలై 3న ఒక్క దినమే 2,222 మంది బాప్తిస్మము పొందిన ఆ గొప్ప కదలిక వారిదే. వాడలు వాడలుగా ప్రభువును ఎరిగినాము గనుక వాడలు వాడలుగానే సంఘములైనాము. 1850లోనే మద్రాసు మిషనరీల సమావేశము కులమును సంఘములోనికి రానివ్వరాదని తీర్మానించినది. తీర్మానములకు మనకెన్నడూ కొదువ లేదు.

అంతియొకయలో పేతురు చేసిన పని మీకు జ్ఞాపకమున్నదా? అన్యజనులతో కలిసి భోజనము చేయుచుండెను. యెరూషలేమునుండి కొందరు రాగానే మెల్లగా విస్తరి మార్చుకొన్నాడు. పౌలు అందరి యెదుట నిలదీసినాడు. మనలో పేతురులు చాలమంది ఉన్నారు. పౌలు దొరకడు.

ఒక సంగతి దాచక చెప్పెదము. మేము పెద్దలుగా ఉన్న ఒక సంఘములో (ఏ సంఘమో అనవసరము) గాయక బృందములో పాడే పిల్లవాడు, పిల్ల ఒకరినొకరు ఇష్టపడినారు. అతనిది మాదిగ కుటుంబము, ఆమెది మాల కుటుంబము. ఇద్దరికీ అదే గుడిలో బాప్తిస్మము. అమ్మాయి వచ్చి, "అయ్యగారూ, మా నాయనకు మీరొక మాట చెప్పండి" అని అడిగినది. మేము, "ప్రార్థన చేద్దాములే అమ్మా" అన్నాము. మూడు నెలలు ప్రార్థన చేసినాము. ఆ ఇంటికి మాత్రము పోలేదు. పోతే రెండు వాడలవారు కానుక మానుకొంటారని కమిటీలో ఒకరు అన్నారు, మేము కాదనలేదు. పిల్లలు బెంగుళూరు పోయి రిజిస్టరు పెండ్లి చేసుకొన్నారు. రెండేండ్లకు క్రిస్మస్సుకు బిడ్డనెత్తుకొని వచ్చి వెనుక వరుసలో కూర్చున్నారు. అమ్మాయి మా వైపు చూచి వందనము చేసినది. ఆ వందనము తీసుకొనుట మాకు కష్టమైనది.

చట్టము వలన మనకున్న ఇబ్బంది వేరు. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వులో షెడ్యూల్డు కులములవారు హిందువులై ఉండవలెనన్నారు. 1956లో సిక్కులను, 1990లో బౌద్ధులను చేర్చినారు. మనలను చేర్చలేదు. మనకు రాష్ట్రములో బి.సి. 'సి' వర్గము, ఒక శాతము. 2007లో రంగనాథ మిశ్రా కమిషను ఈ మతనిబంధన తీసివేయవలెనన్నది. 2023 మార్చిలో మన శాసనసభ తీర్మానము చేసినది. 2025లో మన హైకోర్టు ఒక పాస్టరు గారి కేసులో, క్రైస్తవుడైనవాడు అత్యాచారముల చట్టపు రక్షణ కోరలేడన్నది. దెబ్బ కొట్టేవాడు మతము అడిగి కొట్టడు. అందుకే మన బిడ్డలకు బడిలో ఒక పేరు, గుడిలో ఒక పేరు. దానిని అబద్ధమని తీర్పు తీర్చే సాహసము మాకు లేదు. 2024 ఆగష్టు 1న సుప్రీంకోర్టు ఉపవర్గీకరణకు అనుమతించిన తరువాత, బయటి వాదము మన గుడి మెట్లమీదికి కూడ వచ్చినది. వాదించుకోండి, వద్దనము. ఎవరి వాటా వారు అడగవలసినదే. కాని వాదము ముగిసిన తరువాత ఒకరి ఇంట ఒకరు ముద్ద తింటున్నారా అన్నది మా ప్రశ్న.

మన పక్కనే కటారుపల్లిలో వేమన సమాధి ఉన్నది. కులమును ఆయన ఎంత తూలనాడినాడో మన పిల్లలకు రెండవ తరగతిలోనే తెలుసు. పరీక్షలో మార్కులు కూడ వస్తవి.

మన ఊరి పేరు తలుపుల. తలుపు మూయుటకూ పనికివస్తుంది, తీయుటకూ పనికివస్తుంది. హాస్యమునకు అనలేదు. ఈ సారి కోత పండుగకు ఏ వాడకు ఆ వాడ పొయ్యి పెట్టుకొనుట మానుదామని పెద్దలు ఒప్పుకొన్నారు. ఒకటే పొయ్యి. సంగటి, ఊరిబిండి, పప్పు. వండుటకు రెండు వాడలనుండి ఇండ్లు కావలెను. వడ్డించుటకు కలిసి నిలువవలెను. "వంటకు వేరే ఊరినుండి మనిషిని పిలుద్దామా, అందరికీ సరిపోతుంది" అని ఒకరు సలహా ఇచ్చినారు. అది కాగితపు కప్పు వంటి సలహా, మేము ఒప్పుకోలేదు.

పేర్లు వ్రాయు పుస్తకము వాకిలి దగ్గర బల్లమీద పెట్టించినాము. ప్రసంగమునకు ముందు చూచినప్పుడు నాలుగు ఇండ్ల పేర్లున్నవి. మూడు ఒక వాడవి. నాలుగవది బెంగుళూరు పోయిన ఆ పిల్ల తల్లిది.