మంచుకొండ మీద రోజువారీ లెక్క

(పూర్వ విద్యార్థుల సంఘం స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



స్వర్ణోత్సవం కదా, నాలుగు మాటలు చెప్పమన్నారు. జ్ఞాపకాలు చెప్పేవాళ్లు నాకంటే బాగా చెబుతారు. నేను బొగ్గు గనిలో సర్వే పని చేసి రిటైరైనవాణ్ణి. నాకు తెలిసింది కొలతలే. అందుకే ఒక కొండ గురించి, అక్కడి కొలతల గురించి చెబుతాను.

మంచుకొండ అనగానే మనకు ఆనంద్ గుర్తొస్తాడు. అన్నపురెడ్డిపల్లి గురుకులంలో చదివిన సాధనపల్లి ఆనంద్ కుమార్, మాలావత్ పూర్ణతో కలిసి 2014 మే 25న ఎవరెస్ట్ ఎక్కాడు. మన జిల్లా పిల్లవాడని అందరం పొంగిపోయాం. ఎవరెస్ట్ ఎక్కినవాళ్లు శిఖరం మీద కాసేపుండి దిగి వస్తారు. అలా దిగి రాకుండా శిఖరం మీదే కాపురమున్నట్టు ఉండి, ఎండనూ గాలినీ మంచునూ రోజూ కొలిచేవాళ్లున్న కొండ ఒకటుంది. అది ఆస్ట్రియా దేశంలో, ఆల్ప్స్ పర్వతాల్లో ఉన్న సోన్‌బ్లిక్. ఎత్తు 3,106 మీటర్లు. మన తూర్పు కనుమల్లో ఏ శిఖరమూ 1,700 మీటర్లు దాటదు. అంటే వాటికి దాదాపు రెట్టింపు. చుట్టూ హిమానీనదాలు.

ఆ శిఖరం మీద వాతావరణ కేంద్రం మొదలైంది 1886లో. విమానాలు లేని ఆ రోజుల్లో పైగాలి సంగతి తెలియాలంటే కొండెక్కడం ఒక దారి. యూలియస్ హాన్ అనే శాస్త్రవేత్తకు ఎత్తైన చోట ఒక కేంద్రం కావాలి. దాన్ని కట్టించింది మాత్రం ఇగ్నాట్స్ రోయాహర్. ఆయన ఆ కొండ కింద బంగారు గని నడిపేవాడు. అవునండీ, మనలాగే గని మనిషి! కొండ మీద చలిలో బతకడం, బరువులు పైకి చేర్చడం గనివాళ్లకు తెలిసిన విద్య. కింది లోయకు టెలిఫోను తీగ కూడా వేయించాడు.

1891లో రోయాహర్ చనిపోయాడు. కేంద్రం నడవాలంటే డబ్బు కావాలి, మనుషులు కావాలి. 1892లో దానికోసమే ఒక సంఘం ఏర్పడింది. రెండు ప్రపంచ యుద్ధాలు వచ్చి పోయాయి, ఆ దేశంలో రాజ్యాలు మారాయి. కేంద్రం మాత్రం ఈనాటికీ నడుస్తోంది. పేరుకు సంఘాలు ఎన్నో పుడతాయి. ఒక పని పట్టుకుని వందేళ్లు దాటినవి ఎన్ని?

ఇంతకాలం రాసిన లెక్క ఏం చెప్పింది? పంతొమ్మిదో శతాబ్దం చివరితో పోలిస్తే ఆల్ప్స్ ప్రాంతం సుమారు 2 డిగ్రీలు వేడెక్కింది. సోన్‌బ్లిక్ చుట్టూ ఉన్న హిమానీనదాలు కరిగి చిన్నవైపోతున్నాయి. ఒక్క ఏడాది లెక్క చూస్తే ఈ సంగతి తెలియదు. ఒక ఏడు ఎండ ఎక్కువ, ఒక ఏడు చలి ఎక్కువ అనుకుని ఊరుకుంటాం. తరాల తరబడి ఒకేచోట రాస్తేనే మార్పు బయటపడుతుంది. ఎవరెస్ట్ మీద కూడా 2022లో, 8,810 మీటర్ల ఎత్తున, తనంతట తానే కొలిచే కేంద్రం పెట్టారు. దాని లెక్క మొదలైంది అప్పుడే.

ఈ వేడికి బొగ్గు మంట కూడా ఒక కారణం. ఆ మాట ఈ ఊళ్లో నిలబడి చెప్పడానికి నాకేమీ సంకోచం లేదు. నా పిల్లల చదువులు బొగ్గు జీతంతోనే అయ్యాయి. దేశానికి కరెంటు ఇచ్చామన్న గర్వం నాకుంది. మే నెలలో ఓపెన్‌కాస్టులో ఓబీ బెంచీల మీద నిలబడ్డవాళ్లకు ఎండంటే ఏమిటో ఎవరూ చెప్పనక్కర్లేదు. మనం తవ్విన దాని ఫలితం ఏమిటో తెలుసుకోవలసిన బాధ్యత కూడా మనదే.

కొలత విలువ మనకు కొత్త కాదు. భద్రాచలం దగ్గర గోదావరి 43 అడుగులంటే మొదటి హెచ్చరిక, 48 అంటే రెండోది, 53 అంటే మూడోది. చదువురాని అవ్వ కూడా ఆ అంకె విని మూట సర్దుకుంటుంది. 1986లో 75.6 అడుగులు, 2022 జూలైలో 71.3 అడుగులు. ఎవరో రాసిపెట్టారు కాబట్టే రెండు వరదలనూ పోల్చి చూడగలుగుతున్నాం.

అందుకే మన సంఘానికి నాదొక విన్నపం. జ్ఞాపికలకూ శాలువాలకూ పెట్టే ఖర్చులో కొంత తగ్గించి, బడి ఆవరణలో ఒక వానమాపకం, గరిష్ఠ కనిష్ఠ ఉష్ణోగ్రతలు చూపే థర్మామీటరు పెడదాం. రోజూ ఉదయం ఎనిమిదిన్నరకు ఇద్దరు పిల్లలు చూసి పుస్తకంలో రాయాలి. సెలవుల్లో మణుగూరులో ఉన్న మనం వంతులేసుకుని రాద్దాం. పరికరాల ఖర్చు నేను భరిస్తాను. ఒక్క రోజు కూడా తప్పకుండా చూసే బాధ్యత సంఘం తీసుకోవాలి. అసలు కష్టం అదే.

ఈ బడి శతజయంతికి మనలో చాలామందిమి ఉండం. ఆ రోజు వేదిక మీద మన ఫొటోలు లేకపోయినా పర్వాలేదు. యాభై ఏళ్ల లెక్క పుస్తకాలు బల్ల మీద ఉంటే చాలు.