ఎవరి ప్రాణము పణము?

(రాజమార్గములపై మోటారు పందెములను గూర్చి ఒక పట్టణ పఠనమందిరమున చేసిన యుపన్యాసము)



రాత్రులందు మన పెద్దరోడ్లపై యువకులు సాగించుచున్న మోటారు పందెములను గూర్చి నాలుగు మాటలు చెప్పుమని ఈ పఠనమందిరపు పెద్దలు మమ్ము కోరిరి. మేము వృత్తిచే న్యాయవాదులము. పుష్కరములలోను, తిరునాళ్లలోను వాలంటీరుగా నిలిచి జనమును దారి దాటించిన యనుభవము కూడ కొంత కలదు. ఈ రెండు పనులవలన మాకు తెలిసివచ్చిన దొక్కటే. రోడ్డు అందరి సొత్తు. అందరి సొత్తును ఒక్కడు తన సొంతము చేసికొన్ననాడు మొదట నలిగిపోవువాడు కాలినడకను పోవు పేదవాడు.

ఇతరులకు బుద్ధి చెప్పుటకు ముందు మా తప్పొకటి మీ యెదుట ఒప్పుకొనవలసి యున్నది. కొన్ని సంవత్సరముల క్రిందట మా పట్టణమున నలుగురు కుర్రవాండ్రు తెల్లవారుజామున మోటారుసైకిళ్లపై పందెము వేసికొనిరి. రోడ్డూడ్చుచున్న పురపాలక పారిశుద్ధ్య కార్మికురాలి నొక బండి కొట్టివేసెను. ఆమె కాలు రెండుచోట్ల విరిగెను. ముద్దాయి తండ్రి మా వద్దకు వచ్చి, "చిన్నతనము, తెలియక చేసినాడు" అనెను. మేము వకాల్తా పుచ్చుకొంటిమి. నాటి శిక్షాస్మృతిలోని 279, 338 సెక్షనుల క్రింద విచారణ జరిగెను. చూచిన సాక్షులు ముగ్గురు. ఒకడు కోర్టులో మాట మార్చెను. మిగిలిన యిద్దరు సమన్లందియు రాలేదు. బండి నడిపిన దెవరో నిశ్చయముగా రుజువు కాలేదని మేము వాదించితిమి. సంశయలాభము ముద్దాయికి దక్కెను. గెలిచితిమి.

వసారాలోనికి రాగా, చంకక్రింద కఱ్ఱతో నిలువబడియున్న ఆమె మమ్ము చూచి కోపపడలేదు. "బాబుగారూ, ఇంతకూ ఆ రోజు పందెంలో గెలిచిందెవరండీ?" అని మాత్ర మడిగెను. మేము బదులు చెప్పలేకపోతిమి. నేటి యుపన్యాస మా ప్రశ్నకు ఆలస్యముగా ఇచ్చుచున్న సమాధానమనుకొనుడు.

పందెము మన జాతికి క్రొత్తది కాదు. ఎడ్లబండ్ల పందెములు, పడవ పందెములు మనము కన్నులార చూచినవారమే. పౌరుషముగల యువకుడు తన బలమును, నేర్పును పదిమందిలో చూపదలచుట నింద్యమును కాదు. కాని పందెమునకొక ధర్మము కలదు. ఒడ్డువాడు తనదైన దానినే యొడ్డవలెను. తనది కానిదానిని ఒడ్డుట పందెము కాదు, అపహరణము. కురుసభలో ద్రౌపది యడిగిన ప్రశ్న యిదియే కదా! ధర్మరాజు ముందుగా తానోడిపోయెనా, లేక ముందు తన్నే యోడెనా యని ఆమె నిలదీసినప్పుడు భీష్మునివంటి ధర్మజ్ఞుడే తడబడెను. మన రోడ్డూడ్చు తల్లి అడిగినదియు అదే ప్రశ్న. ఆమె ఆ పందెమున చేరలేదు. ఆమెను ఎవరును అడుగలేదు. ఆమె కాలు మాత్రము పణముగా పెట్టబడెను.

"మేము చచ్చిన మేమే చత్తుము, నీకేమి?" అని కొందఱు యువకులు ధైర్యముగా పలుకుదురు. ఈ మాట ఎంత పొల్లో లెక్కవేసి చూతము. నగరపు రోడ్డుపై మోటారుసైకిలుకు 2018లో కేంద్రప్రభుత్వము నిర్ణయించిన గరిష్ఠవేగము గంటకు 60 కిలోమీటర్లు. ఆ వేగమున పోవు బండి సెకనుకు సుమారు 17 మీటర్లు పోవును. అడ్డము కనబడి, మనసు గ్రహించి, చేయి బ్రేకు నొక్కునప్పటికి ఒక సెకను గడచును. పొడిరోడ్డు, మంచి టైర్లు ఉన్నను బ్రేకుపడి నిలుచుటకు మరి 20 మీటర్లు పట్టును. వెరసి సుమారు 37 మీటర్లు. పందెగాని వేగము 120 అనుకొందము. వేగము రెట్టింపైనది, కాని బ్రేకు పట్టు దూరము రెట్టింపు కాదు, నాలుగు రెట్లగును. బండి నిలుచునప్పటికి 110 మీటర్లు దాటును. ఇది ప్రకృతి శాసనము. దీనిపై ఏ హైకోర్టుకును అప్పీలు లేదు.

ఇక దారి దాటు ముసలివాని స్థితి చూడుడు. ఏడు మీటర్ల వెడల్పుగల రోడ్డును మామూలు నడకతో దాటుటకు ఆరు సెకనులు పట్టును. ఆ ఆరు సెకనులలో పందెపు బండి రెండువందల మీటర్లు వచ్చిపడును. అతడు అడుగు వేసినప్పుడు ఇరుప్రక్కల చూచియే వేసెను. అంతదూరమున దీపమొకటి కనబడెను. అది మామూలు బండి యని నమ్మెను. ఆ నమ్మకమే అతని నేరము! రోడ్డుపై మనమందఱము ఒండొరులను నమ్మియే నడచుచున్నాము. పందెగాడు మొదట చంపునది మనిషిని కాదు, ఆ నమ్మకమును.

2022వ సంవత్సరమున మన దేశమున రోడ్లపై మరణించినవారు 1,68,491 మంది యని కేంద్ర రవాణాశాఖవారి నివేదిక చెప్పుచున్నది. అందు నూటికి డెబ్బదియొక్క మందికి పైగా అతివేగము కారణముగా మృతినొందిరి. వీరందఱు పందెములవలన చచ్చిరని మేమనము. కాని అతివేగమే ఇంత నష్టము చేయుచుండగా, దానిని వినోదముగా, కీర్తిగా, ఫోనులలో చిత్రించి లోకమునకు చూపు ఘనకార్యముగా నెంచుట ఎట్టి మతిభ్రంశము!

మరునాడు పత్రికలలో మూడు పంక్తులు వ్రాయుదురు: "బండి అదుపుతప్పి ప్రమాదము జరిగినది." ఈ ప్రమాదమను మాటను మనము కొంచెము పరీక్షింపవలెను. సంస్కృతమున ప్రమాదమనగా ఏమరుపాటు, అజాగ్రత్త. తెలుగున మనము దానిని దైవికమైన ఆపదకు వాడుచున్నాము. బండి అదుపుతప్పుట యేమి? అదుపును తప్పించినవాడొకడు లేడా? నిజమునకు పందెము సంస్కృతార్థమున కూడ ప్రమాదము కాదు. ఏమరినవాడు తెలియక చేయును. పందెగాడు తెలిసియే, స్థలము నెంచి, వేళ నెంచి, తోడు చూచుకొని చేయుచున్నాడు.

చట్టము కూడ ఈ భేదమును ఎఱుగును. 2024 జూలై నుండి అమలునకు వచ్చిన భారతీయ న్యాయసంహితలో 106వ సెక్షను అజాగ్రత్తవలన ప్రాణము తీసినవానికి ఐదేండ్లవరకు శిక్ష చెప్పినది. మరణము సంభవింపవచ్చునని యెఱిగియు చేసినవానికి 105వ సెక్షను పదేండ్లవరకు విధింపవచ్చునన్నది. 1999లో ఢిల్లీలో ఒక కారు అతివేగమున వచ్చి ఆరుగురి ప్రాణములు తీసిన కేసులో, అది వట్టి అజాగ్రత్త కాదు, ఎఱిగి చేసిన నేరమని సుప్రీముకోర్టు 2012లో నిర్ణయించెను. పందెములకును ఈ తర్కమే వర్తింపవలెనని మా యభిప్రాయము.

పందెమునకు ప్రత్యేకమైన సెక్షను కూడ కలదు. 1988 నాటి మోటారు వాహనముల చట్టమున 189వది. రాష్ట్రప్రభుత్వపు వ్రాతపూర్వకమైన అనుమతి లేక బహిరంగస్థలమున వాహనముల పందెమున పాల్గొన్నను, పాల్గొననిచ్చినను నేరమే. "పాల్గొననిచ్చినను" అను మాటను బండ్ల యజమానులు గమనింతురు గాక. 2019 వరకు దీనికి శిక్ష నెలదినముల ఖైదు, లేదా అయిదువందల రూపాయల జరిమానా! ఒక టైరు వెల కూడ కాదు. 2019 సవరణచే మొదటి నేరమునకు మూడునెలలు లేదా 5,000 రూపాయలు, మరల చేసినచో సంవత్సరము లేదా 10,000 రూపాయలు, లేదా రెండును విధింపవచ్చును. ఐనను నిర్ణీత రుసుము చెల్లించి రాజీపడుటకు చట్టమే త్రోవ చూపుచున్నది. ధనవంతుని బిడ్డకు ఇది శిక్ష కాదు, సుంకము.

తండ్రులకు మరి రెండు సంగతులు చెప్పవలెను. మైనరు బిడ్డ చేతికి బండి యిచ్చి అతడు నేరము చేసినచో 199ఏ సెక్షను క్రింద తండ్రికి, లేదా బండి యజమానికి మూడేండ్లవరకు ఖైదు, 25,000 రూపాయల జరిమానా. బండి రిజిస్ట్రేషను సంవత్సరము రద్దు. ఆ బిడ్డకు ఇరువదియైదేండ్లు వచ్చువరకు లైసెన్సు లేదు. తనకు తెలియక జరిగినదనియో, తగిన జాగ్రత్త తీసికొంటిననియో రుజువు చేసికొను భారము తండ్రిదే. రెండవది, ఏర్పాటుచేసిన పందెములకు బండిని వాడరాదను షరతు ఇన్సూరెన్సు పాలసీలో నుండుటయు, దానిని కంపెనీ తన రక్షణగా చూపుటయు చట్టసమ్మతము. ఆ వాదము నెగ్గినచో నష్టపరిహారపు బరువు తుదకు యజమాని యింటిమీదనే పడును. కొడుకు సరదాకు ఇల్లు వేలమునకు వచ్చును.

ఇతర దేశములలో ఈ విషయమై జరిగిన మథనము కూడ తెలిసికొనదగినది. 2016 ఫిబ్రవరిలో బెర్లిను నగరమున ఇద్దరు యువకులు అర్ధరాత్రి నడివీధిలో కార్లతో పందెము వేసికొనిరి. 50 కిలోమీటర్లకు మించరాని వీధిలో 160కి పైబడిన వేగముతో ఎఱ్ఱదీపములను లెక్కింపక పోయిరి. పచ్చదీపము చూచుకొని తన దారిని పోవుచున్న అరువదితొమ్మిదేండ్ల వృద్ధుని బండిని ఒకడు కొట్టగా ఆయన అక్కడనే మరణించెను. 2017లో బెర్లిను కోర్టు ఇద్దరిని హంతకులని తీర్పు చెప్పెను. 2018లో ఉన్నత న్యాయస్థానము దానిని కొట్టివేసెను. చంపినను సరే యను సంకల్పము, తప్పించుకొను వీలు ఇంకను మిగిలియున్న క్షణముననే యుండెనని చూపవలెను గదా యని యా న్యాయమూర్తులు ప్రశ్నించిరి. మరల విచారణ జరిగెను. 2020లో ఢీకొట్టినవానిపై హత్యానేరము స్థిరపడెను. రెండవవానికి 2021లో హత్యాప్రయత్నము క్రింద పదమూడేండ్ల శిక్ష పడెను. ఈలోగా 2017లోనే ఆ దేశమువారు ఎవరికిని దెబ్బ తగులకున్నను పందెమే నేరమని రెండేండ్లవరకు ఖైదు విధించుచు చట్టము చేసిరి. మరణము సంభవించిన పదేండ్లవరకు. మేము ఆ శిక్షలను యథాతథముగా తెచ్చుకొందమనము. కాని రెండవవానికి కూడ బాధ్యత కలదను న్యాయము మన మెత్తుకొనవలసినదే. ఒంటరిగా పందెము లేదు. ఢీకొట్టనివాడును పందెగాడే.

యువకుల ఉత్సాహమునంతయు పోలీసుల చేతి కప్పగింపుమని మా యభిప్రాయము కాదు. వేగమునకు తగిన స్థలములున్నవి. మద్రాసు చేరువ ఇరుంగాట్టుకోట్టైలోను, కోయంబత్తూరులోను పందెపు బాటలు కలవు. మన హైదరాబాదులోనే 2023 ఫిబ్రవరి 11వ తేదీన హుస్సేనుసాగరము ప్రక్కన విద్యుత్తు కార్ల అంతర్జాతీయ పందెము జరిగెను. రోడ్డు మూసివేసిరి, గోడలు కట్టిరి, వైద్యులు సిద్ధముగా నుండిరి, పందెమున చేరినవాడు తప్ప మరియెవ్వడును ఆ బాటపై లేడు. అదియు నగరపు రోడ్డే. కాని అక్కడ ప్రతివాడును తన ప్రాణమునే యొడ్డెను, తెలిసియే యొడ్డెను. భేదమంతయు నిందున్నది. తెలుగునాట పిల్లలకు అందుబాటు వెలలో అట్టి మైదానమొకటి యేర్పరుపుమని ప్రభుత్వములను కోరుట మన విధి.

కడపట మనలను గూర్చి. ఆనాడు మేము గెలిచినది మా వాదబలముచే కాదు. సాక్షులు రానందున గెలిచితిమి. రానివారు దుర్మార్గులు కారు. వారు మనవంటివారే, ఈ బల్లలమీద కూర్చుండి పత్రిక చదివి అయ్యోయను వారే. కోర్టుల చుట్టు ఎవరు తిరుగుదురని వారనుకొనిరి. దెబ్బతిన్నవానికి సద్బుద్ధితో సాయము చేసినవానిపై కేసు పెట్టరాదనియు, పేరు చెప్పుమని బలవంతపెట్టరాదనియు 2019లో చేర్చిన 134ఏ సెక్షను, దాని నియమములు రక్షణ కల్పించుచున్నవి. ఆ భయము తీరినది. ఇక మిగిలినది మన సోమరితనమే.

కావున మేము కోరునవి పెద్దపనులు కావు. మీ పిల్లవాడు రాత్రి బండితో ఎటు పోయెనో అడుగుడు. సైలెన్సరు విప్పి గర్జించు బండిని ఇంట నిలువనీయకుడు. పందెమును చోద్యముగా చూడ నిలువకుడు. చూచువారు లేనిచో ఆడువాడుండడు. చూచినచో చూచితిమని చెప్పుడు. సమను వచ్చినచో కోర్టుకు రండు.

ఆ పందెములో ఎవరు గెలిచిరను ప్రశ్నకు మేము ఇప్పటికి చెప్పగల సమాధాన మిది: ఎవరును గెలువలేదు తల్లీ, మేమును గెలువలేదు. నాటినుండి అట్టి కేసులలో ముద్దాయిల పక్షమున వకాల్తా తీసికొనుట మానితిమి. ముద్దాయికి వకీలు ఉండవలసినదే. అది అతని హక్కు. కాని ఆ తల్లులవైపు నిలుచుటకును ఒకడుండవలెను గదా. మీ వాకిట రేపు అట్టిది జరిగినచో మాకు కబురంపుడు. మేము వత్తుము. సాక్షులై మీరు రండు.