ల్యాబు లెక్కకూ తనిఖీ ఉండాలి



మన వయసులో మాత్ర పెంచాలన్నా తగ్గించాలన్నా ల్యాబు కాగితంలోని అంకే ఆధారం. ఆఫీసులో క్యాష్‌బుక్కును ట్రెజరీ లెక్కతో సరిచూసేవాళ్లం. ల్యాబులకూ అలాంటి ఏర్పాటుంది. వెల్లూరు సి.ఎం.సి. వారు ఒకే నమూనాను అనేక ల్యాబులకు పంపి ఫలితాలు పోల్చి చెబుతారు. ఐ.ఎస్.ఓ. 15189 ప్రమాణం ప్రకారం తనిఖీచేసి ఎన్.ఏ.బి.ఎల్. గుర్తింపు ఇస్తుంది. అయితే అది ల్యాబు మొత్తానికి కాదు, జాబితాలో రాసిన పరీక్షలకే.

నారాయణఖేడ్‌లో తీసిన రక్తం హైదరాబాదుకు పోతే దారిలోనూ జాగ్రత్త కావాలి. ఫ్లోరైడ్ లేని గొట్టంలో అలాగే ఉంచితే చక్కెర గంటకు సుమారు 5 నుంచి 7 శాతం తగ్గుతుంది. ఆ అంకెను నమ్మి మాత్ర తగ్గిస్తే నష్టం మనకే.

కనుక మొహమాటపడకుండా అడగండి: పరీక్ష ఎక్కడ చేస్తారు? ఈ పరీక్షకు గుర్తింపు ఉందా? రక్తం ఎంతసేపట్లో చేరుతుంది?

సెలవు.